చార్మినార్ రూపాయి: పాత కవరులోంచి బయటికి తీయాలా, అలాగే ఉంచాలా?

నిజాంసిక్కా (1)

అందరికీ నమస్కారం. రెండు నాణేల మీద సలహా కావాలి.

మొదటిది హైదరాబాదు నిజాం ఉస్మాన్ అలీ ఖాన్ కాలపు, చార్మినార్ బొమ్మ ఉన్న రూపాయి. హిజ్రీ 1330, పాలనా సంవత్సరం 1. రెండు జేబుల మెత్తటి ప్లాస్టిక్ కవరులో ఉంది. ఒక జేబులో నాణెం, రెండో దాంట్లో పెన్నుతో వివరాలు రాసిన చీటీ. కవరు పసుపు తిరిగింది, వేలు పెడితే జిగటగా తగులుతోంది. మినార్ల పక్కన, అంచు వెంబడి పచ్చటి పొర కనిపిస్తోంది. చార్మినార్ తలుపులో ఉన్న ఉర్దూ అక్షరం 'ఐన్' పొట్టిదో, పూర్తిదో కవరు మసకలో తేలడం లేదు.

రెండోది 1840 విక్టోరియా రూపాయి. నాణేలను పరీక్షించి గ్రేడు ఇచ్చే ఎన్.జి.సి. సంస్థ మూసిన గట్టి ప్లాస్టిక్ డబ్బాలో (స్లాబ్‌లో) ఉంది, లేబుల్ మీద "ఏయూ డీటెయిల్స్, క్లీన్డ్" (అరుగుదల చాలా తక్కువే, కానీ ఎవరో రుద్ది శుభ్రం చేశారు) అని రాసి ఉంది. మిగతా రూపాయలన్నీ ఆల్బమ్‌లో వరసగా ఉన్నాయి, ఇదొక్కటే అందులో పట్టదు. స్లాబ్ పగలగొట్టి తీసేద్దామా అని ఆలోచన.

రెండూ తీయవచ్చా? తీస్తే ఎలా తీయాలి?

తూకంరాళ్ళు (2)

నిజాంసిక్కా గారూ, ఈ రెండు ప్రశ్నలనీ ఒకే గాటన కట్టకండి. నాణెం ఎంత పాతది, ఎంత అరుదు అన్నది తర్వాత. ముందు అది ఏ ప్లాస్టిక్‌లో ఉందో చూసి నిర్ణయించాలి.

మీ చార్మినార్ ఉన్నది మెత్తటి పీవీసీ కవరు. పీవీసీని మెత్తగా ఉంచడానికి అందులో నూనె లాంటి ప్లాస్టిసైజర్ కలుపుతారు. ఏళ్ళు గడిచేకొద్దీ అది బయటికి ఊరి నాణెం మీదికి చేరుతుంది, మీ వేలికి తగిలిన జిగట అదే. దాంతోపాటు పీవీసీ విడిపోయేటప్పుడు హైడ్రోక్లోరిక్ ఆమ్లం కొద్దికొద్దిగా వదులుతుంది. ఆ ఆమ్లం ముందు పట్టేది వెండిని కాదు, వెండిలో కలిసి ఉన్న రాగిని. పచ్చదనం అందుకే. బ్రిటిష్ రూపాయిలో వెండి 91.7 శాతం. చార్మినార్ రూపాయిలో 81.8 శాతమే, అంటే ఐదో వంతుకి దగ్గరగా రాగి. కాబట్టి ఈ కవర్లు విక్టోరియా రూపాయి కంటే నిజాం రూపాయికి ఎక్కువ చేటు.

దీన్ని ఈ వారమే తీయండి. స్లాబ్‌లో ఉన్నది గట్టి ప్లాస్టిక్, దాని వల్ల నాణేనికి రోజూ జరిగే నష్టమేమీ లేదు. దాని గురించి తీరిగ్గా మాట్లాడుకుందాం.

గోదారిగట్టు (3)

తూకంరాళ్ళు గారు చెప్పింది నిజమే. కానీ కవరు పీవీసీయేనని ముందు ఖాయం చేసుకుంటే మంచిది. చీటీ ఉన్న జేబు మూల నుంచి గోరంత ముక్క కత్తిరించి నీళ్ళలో వేసి ముంచండి. పైకి తేలితే పాలిథీనో పాలిప్రొపిలీనో, భయం లేదు. మునిగితే పీవీసీ కావచ్చు, మైలార్ (పాలియెస్టర్ రకం ప్లాస్టిక్) కావచ్చు, ఎందుకంటే మైలార్ కూడా మునుగుతుంది. ఆ రెండిటికీ తేడా చేతికే తెలుస్తుంది. మైలార్ పెళుసుగా ఉండి మడిస్తే పెళపెళమని చప్పుడు చేస్తుంది. పీవీసీ చర్మంలా వంగుతుంది, కొత్త రెయిన్‌కోటు వాసన వేస్తుంది.

ఇంకా అనుమానముంటే రాగి తీగ పరీక్ష. తీగ కొసను ఎర్రగా కాల్చి ప్లాస్టిక్ ముక్కకి తాకించి మళ్ళీ మంటలో పెట్టాలి. మంట ఆకుపచ్చగా మారితే క్లోరిన్ ఉన్నట్టు, అంటే పీవీసీ. ఆ పొగ మంచిది కాదు, ఆరుబయట చేయండి. నాణేనికి, ఎసిటోన్ సీసాకి దూరంగా చేయండి.

మీరు రాసిన జిగట, పసుపు, పచ్చ పొర మూడూ కలిపి చూస్తే నాకైతే ఈ పరీక్షలు లేకుండానే పీవీసీ అనిపిస్తోంది.

నిజాంసిక్కా (4)

ముక్క మునిగింది. మడిస్తే చప్పుడు లేదు. తీయాల్సిందే అన్నమాట. అయితే ఆ పచ్చదనం చిలుమా, ప్లాస్టిక్ జిడ్డా? చిలుమైతే చింతపండు పులుసులో ఓ పావుగంట వేస్తే పోతుందని ఇంట్లో అంటున్నారు.

తూకంరాళ్ళు (5)

చింతపండు వద్దు. నిమ్మకాయ, విభూతి, టూత్‌పేస్టు, అంట్లు తోమే పొడి, ఏదీ వద్దు. చింతపండులో ఉన్నది టార్టారిక్ ఆమ్లం. పూజ పళ్ళేనికి అది పనికొస్తుంది, పళ్ళేనికి కావలసింది మెరుపే కాబట్టి. నాణెం మీద వందేళ్ళలో ఏర్పడిన పలుచటి పైపొరను అది తినేస్తుంది, కింద పచ్చి లోహం సున్నం కొట్టినట్టు తెల్లగా తేలుతుంది. విభూతి, పేస్టు రుద్దితే వెంట్రుకవాసి గీతలు పడతాయి. దీపం కింద నాణేన్ని తిప్పి చూస్తే ఒకే దిక్కుగా వందల గీతలు మెరుస్తాయి. మీ 1840 రూపాయి లేబుల్ మీద "క్లీన్డ్" అని పడింది ఇలాంటి పని ఎవరో ఎప్పుడో చేసినందుకే. ఆ గీతలు మళ్ళీ మానవు.

అల్యూమినియం రేకు, వంటసోడా, వేడినీళ్ళ పద్ధతి గురించి కూడా ఎవరో ఒకరు చెప్తారు. అది నల్లటి వెండి సల్ఫైడును తిరిగి వెండిగా మారుస్తుంది, నిజమే. కానీ అలా తిరిగొచ్చిన వెండి మొదట అచ్చు గుద్దినప్పటి నునుపుతో రాదు, మొద్దుగా వస్తుంది. వెండి గ్లాసుకి సరే, నాణేనికి కాదు.

మీకు కావలసింది ఎసిటోన్. అది లోహాన్ని ముట్టుకోదు, వెండి నల్లబడటాన్ని కూడా తీయదు. ప్లాస్టిసైజర్, టేపు జిగురు, నూనె మరకలను మాత్రమే కరిగిస్తుంది.

గోదారిగట్టు (6)

చిలుమా జిడ్డా అన్నదానికి: కవరు తీశాక పళ్ళు కుట్టుకునే వెదురుపుల్ల కొసను ఎసిటోన్‌లో ముంచి, 10 రెట్ల భూతద్దం కింద అంచు దగ్గర పచ్చదనాన్ని తాకండి. వెన్నలా సాగితే పీవీసీ జిడ్డు. పొడిలా, పొలుసులా గట్టిగా ఉంటే చిలుము. చిలుమైతే గోకవద్దు. దాని కింద లోహం ఇప్పటికే గుంట పడి ఉంటుంది, గోకితే గుంట పక్కన గీత కూడా చేరుతుంది, అంతే.

వెండిబిళ్ళ (7)

ఆలస్యంగా చేరాను. తీసే విధానం వరసగా రాస్తున్నాను. సగం తెలిసి మొదలుపెడితే నాణెం పాడయ్యేది ఇక్కడే.

బల్ల మీద మెత్తటి తువ్వాలు రెండు మడతలు వేయండి. నాణెం చేయి జారినా జానెడు ఎత్తు నుంచి తువ్వాలు మీద పడాలి, గ్రానైట్ మీద కాదు. సబ్బుతో చేతులు కడిగి బాగా ఆరనివ్వండి. నైట్రైల్ గ్లవ్స్ ఉంటే వేసుకోండి. నూలు గ్లవ్స్ వద్దు, అవి జారతాయి, ఇసుక రేణువులను మోసుకొస్తాయి. నాణేన్ని ఎప్పుడూ అంచు పట్టుకుని, రెండు వేళ్ళ మధ్య నిలబెట్టాలి. ఇంకోటి, నాణెం మీదికి వంగి మాట్లాడకండి. తుంపర పడిన చోట కొన్నాళ్ళకి నల్లటి చుక్కలు తేలతాయి.

మొదట చీటీని లాగి పక్కన పెట్టండి. చీటీ ఉండగా ఎసిటోన్ తగిలితే పెన్ను ఇంకు కరిగి నాణెం మీదికి పాకుతుంది. తర్వాత కవరు జేబును మూడు పక్కలా, నాణేనికి కనీసం అర సెంటీమీటరు దూరంలో కత్తిరించండి. కత్తెర మొన నాణెం వైపు ఉండకూడదు. పుస్తకంలా తెరిచి నాణేన్ని పైకి ఎత్తాలి. జేబులోంచి జార్చి లాగితే అతుక్కున్న దుమ్ము నాణెం మీద ఆకురాయిలా గీస్తుంది.

ఒక పక్క అతుక్కుపోయి ఉంటే ఊడబీకకండి. చుట్టూ ఎక్కువైన ప్లాస్టిక్ కత్తిరించేసి, నాణెంతో సహా ఎసిటోన్‌లో పెట్టండి. పీవీసీ ఉబ్బి దానంతట అదే వదులుతుంది.

మూడు గాజు గిన్నెలు, ఒక్కోదానిలో 50 మిల్లీలీటర్ల ఎసిటోన్. ల్యాబ్ కెమికల్స్ అమ్మే కొట్లో ఏఆర్ గ్రేడ్ అని అడిగి తీసుకోండి. నెయిల్ పాలిష్ రిమూవర్ కొనవద్దు, అందులో రంగు, సెంటు, నూనె కలుపుతారు. ప్లాస్టిక్ గిన్నె వాడకండి, అది కరిగి ఆ కరిగిందంతా నాణేనికి పడుతుంది.

మొదటి గిన్నెలో పావుగంట, పైన గాజు మూత. పొర మందంగా ఉంటే రెండు మూడు గంటలైనా పర్వాలేదు. పోకపోతే చెక్క పుల్లకి చుట్టిన దూదిని ఎసిటోన్‌లో తడిపి, నాణెం మధ్య నుంచి అంచు వైపు దొర్లించండి. దొర్లించాలి, రుద్దకూడదు. ఒక్క దొర్లింపుకి ఒక దూది, తర్వాత పారేయడమే. రెండో గిన్నెలో 5 నిమిషాలు, మూడో గిన్నెలో ఒక ముంచు. ఒకే గిన్నెతో సరిపెడితే కరిగిన జిడ్డే మళ్ళీ పలుచగా పరుచుకుని, ఆరాక తెల్లటి తెరలా మిగిలిపోతుంది. "ఎసిటోన్ నా నాణేన్ని పాడుచేసింది" అనేవాళ్ళలో చాలామందికి జరిగింది ఇదే.

గిన్నెలోంచి తీశాక నాణేన్ని తెల్లటి మెత్తని టిష్యూ మీద గోడకి చేరగిలేసి నిలబెట్టండి. తుడవనక్కర్లేదు. ముసురు పట్టిన రోజు ఈ పని పెట్టుకోవద్దు. ఎసిటోన్ ఆవిరయ్యేటప్పుడు నాణెం చల్లబడి గాలిలో తేమ దాని మీద పేరుకుంటుంది. పొడి రోజు చూసుకోండి.

చివరగా ముఖ్యమైనది. ఎసిటోన్ ఆవిరి గాలి కంటే బరువు, నేల వెంట పాకుతుంది. వంటింట్లో, పూజగదిలో, దీపం దరిదాపుల్లో చేయవద్దు. కిటికీలు తెరిచిన గదిలో గాని, వరండాలో గాని చేయండి.

డాలస్_తెలుగు (8)

వెండిబిళ్ళ గారు రాసింది దాచుకోదగ్గది. కార్డుబోర్డు ఫ్లిప్పుల్లో (నాణేన్ని మధ్యలో పెట్టి మడిచి పిన్నులు కొట్టే అట్టల్లో) నాణేలున్నవాళ్ళ కోసం ఒక్క మాట చేరుస్తాను. రెండంగుళాల అట్టలకు స్టేప్లర్ పిన్నులు మూడో నాలుగో ఉంటాయి. అన్నిటినీ ముందు పూర్తిగా తీసేయండి. వెనకవైపు వంగిన కాళ్ళను చదునైన స్క్రూడ్రైవర్‌తో నిలబెట్టి నోస్ ప్లేయర్‌తో లాగాలి. ఒక్క పిన్ను మిగిలి ఉండగా అట్ట విప్పితే ఆ పిన్ను కొస నాణెం ముఖం మీద అడ్డంగా గీస్తుంది. పాత రూపాయల మీద రాజు చెంప నుంచి అంచు దాకా సన్నటి తిన్నని గీత కనిపిస్తే కారణం చాలాసార్లు ఇదే.

తూకంరాళ్ళు (9)

నాణెం బయటికి వచ్చిన కాసేపట్లోనే చేయాల్సిన పనులు కొన్ని ఉన్నాయి, మళ్ళీ మళ్ళీ తీయనక్కర్లేకుండా.

బరువు: 0.01 గ్రాము చూపే త్రాసు. చార్మినార్ రూపాయి పూర్తి బరువు 11.18 గ్రాములు, అరుగుదలకి కొంత తగ్గుతుంది. బ్రిటిష్ రూపాయి 11.66.

సాంద్రత: ఈ మిశ్రమానికి లెక్క కడితే 10.1, 10.2 మధ్య రావాలి. త్రాసు మీద గ్లాసు నీళ్ళు పెట్టి సున్నా చేసి, నాణేన్ని సన్నటి నైలాన్ దారంతో అడుగు తగలకుండా నీళ్ళలో వేలాడదీయండి. 1.10 గ్రాములకి దగ్గరగా చూపాలి. 1.25, 1.30 చూపితే వెండి తక్కువ, జర్మన్ సిల్వర్ నకలు అయ్యుండొచ్చు. నాణేనికి గాలి బుడగలు అంటుకుంటే లెక్క తప్పుతుంది, వేలాడదీసేటప్పుడు ఒకసారి మెల్లగా కదిపి చూడండి. డిస్టిల్డ్ వాటరే వాడండి, తర్వాత ఎసిటోన్‌లో ఒక ముంచు.

అంచు: నాణేనికి బొమ్మ, బొరుసు కాక మూడో ముఖం అదే. కవర్లలో అది సరిగా కనిపించదు. రూపాయలను కొక్కెం టంకం వేసి నగల్లో కట్టేవారు, లంబాడీ నగల్లో ఇప్పటికీ చూస్తాం. ఆ కొక్కెం తీసేసి ఆకురాయితో నునుపు చేసినవి బజారులో బోలెడు. అంచు చుట్టూ గాట్లు ఒకే తీరున ఉన్నాయా, పై కొసన గాట్లు చెరిగి తెల్లటి టంకం మచ్చ ఉందా, నాణేన్ని నెమ్మదిగా తిప్పుతూ చూడండి. కొలత కావాలంటే ప్లాస్టిక్ కాలిపర్ వాడండి, ఇనుప దవడలు అంచును గీస్తాయి.

హాలీసిక్కా (10)

ఐన్ సంగతి నేను చెప్తాను. ఉస్మాన్ అలీ ఖాన్ గద్దెనెక్కింది 1911 ఆగస్టులో. హిజ్రీ 1330 ఆ ఏడాది డిసెంబరులో మొదలైంది. తలుపులో వేసిన ఐన్ ఆయన పేరులో మొదటి అక్షరం. అంతకుముందు మహబూబ్ అలీ ఖాన్ చార్మినార్ నాణేల మీద అదే చోట మీమ్ ఉండేది. కొత్త పాలన మొదటి నాణేల మీద పొట్టి ఐన్ వచ్చి, తర్వాత పూర్తి ఐన్‌గా మారింది.

చూడాల్సింది ఇది. తలుపు తోరణం కింద అక్షరం పైభాగం మాత్రమే, తెరిచిన కొక్కెంలా ఉండి అక్కడితో ఆగిపోతే పొట్టి ఐన్. కొక్కెం కింద నుంచి తోక గిన్నెలా గుండ్రంగా తిరిగి వస్తే పూర్తి ఐన్. అరిగిన నాణేల్లో తోక ముందు చెరిగిపోతుంది, అప్పుడు పూర్తి ఐన్ కూడా పొట్టిదిలా కనిపించి మోసం చేస్తుంది. అందుకని దీపాన్ని పక్క నుంచి, బల్లకి దాదాపు ఆనించి వెలిగించి చూడండి. తోక చెరిగినా దాని మూలం దగ్గర చిన్న మిట్ట నీడ వేస్తుంది. జిడ్డు కవరు లోంచి ఇది తేలే పని కాదు. ఈ ఒక్క కారణానికైనా దీన్ని తీయాల్సిందే.

నిజాంసిక్కా (11)

చాలా సంతోషం అండి, ఇంత వివరంగా రాస్తారనుకోలేదు. ఇక స్లాబ్ మాటేమిటి?

గోదారిగట్టు (12)

నేనైతే పగలగొట్టమంటాను. డీటెయిల్స్ వచ్చిన నాణేనికి అంకెతో గ్రేడు లేదు. స్లాబ్ వల్ల పెద్దగా ధర పెరగదు. సేకరణ అందం వరసలో ఉంది. వరసలో లేని నాణేన్ని ఎవరూ తీసి చూడరు.

పని కష్టం కాదు. కళ్ళద్దాలు పెట్టుకుని, స్లాబ్‌ను తువ్వాలులో చుట్టి, లేబుల్ ఉన్న వైపు మూల మాత్రం బయటికి ఉంచి, పెద్ద కటింగ్ ప్లేయర్‌తో ఆ మూలను కొరకాలి. అంచు అతుకు చిట్లుతుంది. రెండో మూల కూడా అలాగే. తర్వాత రెండు పలకలనూ చేత్తో విడదీయవచ్చు. లోపలి రింగును వంచితే నాణెం వదులవుతుంది, ముఖం మీద బొటనవేలు పెట్టి తోయకూడదు. సుత్తి వద్దు, పలక విరిగిన ముక్క లోపలికి దూసుకెళ్తుంది. రంపం అసలే వద్దు, ఆ పొడి నాణేన్ని గీస్తుంది.

తూకంరాళ్ళు (13)

గోదారిగట్టు గారూ, విధానం సరిగ్గా రాశారు, నిర్ణయంతో మాత్రం ఏకీభవించను. డీటెయిల్స్ లేబుల్ కూడా ఒక మాట ఖాయంగా చెప్తోంది, ఈ నాణెం అసలుది అని. 1840 రూపాయికి నకళ్ళు తక్కువేం కాదు. స్లాబ్ పోతే ఆ మాట కూడా పోతుంది. రేపు అమ్మాలన్నా, పిల్లలకి అప్పగించాలన్నా కొనేవాడు మళ్ళీ మొదటి నుంచి అనుమానిస్తాడు. రుద్దిన గీతలు ఉన్న నాణేన్ని స్లాబ్ లేకుండా చూస్తే అనుమానం రెట్టింపవుతుంది.

డాలస్_తెలుగు (14)

ఇంకో కోణం ఉంది. ఇక్కడ అమెరికాలో ఉన్నవాళ్ళకి పగలగొట్టి మళ్ళీ గ్రేడింగుకి పంపడం డబ్బుతో అయ్యే పని. మీరు ఇండియాలో ఉన్నారు. 1972 నాటి పురావస్తు, కళాఖండాల చట్టం ప్రకారం వందేళ్ళు దాటిన నాణెం పురావస్తువు. సొంతంగా దేశం దాటించడానికి వీల్లేదు. 1840 రూపాయే కాదు, మీ చార్మినార్ కూడా ఆ లెక్కలోకే వస్తుంది. మీ ఊళ్ళో ఎవరైనా గ్రేడింగుకి నాణేలు తీసుకుంటామంటే, నాణెం చివరికి ఏ దేశం వెళ్తుందో, ఏ అనుమతితో వెళ్తుందో కాగితం మీద అడగండి. అంటే పగలగొట్టడం మీకు వెనక్కి తిరగలేని అడుగు.

వెండిబిళ్ళ (15)

పగలగొట్టాలో వద్దో తేల్చుకునే ముందు ఆ స్లాబ్ నిజమైనదేనా చూడండి. స్లాబులకి కూడా నకళ్ళున్నాయి. ఎన్.జి.సి. సైటులో లేబుల్ నంబరు కొడితే నాణెం వివరం వస్తుంది, చాలావాటికి ఫోటో కూడా ఉంటుంది. నంబరు కలిస్తే సరిపోదు. అసలు స్లాబ్ నంబరునే దొంగ లేబుల్ మీద అచ్చేస్తారు. ఫోటో ఉంటే రాణి చెంప మీద దెబ్బలు, అంచు దగ్గర నల్లటి మచ్చలు అదే చోట, అదే ఆకారంలో ఉన్నాయా పోల్చండి. అవి కలవకపోతే మీ చేతిలో ఉన్నది ఏ హామీ లేని డబ్బా. అప్పుడు పగలగొట్టి తూకం వేసి చూసుకోవడమే మంచిది.

కలిస్తే నా ఓటు ఉంచమనే.

గోదారిగట్టు (16)

చట్టం మాట నేను లెక్కలోకి తీసుకోలేదు. ఆ లెక్కన నేనూ మాట మార్చుకుంటున్నాను. ఆల్బమ్‌లో 1840 గడిలో నాణెం కొలతకి రెండు వైపులా ఫోటో అచ్చు తీసి పెట్టండి, వెనక స్లాబ్ నంబరు రాయండి. వరస నిండుతుంది. 1840 అచ్చు సంవత్సరాన్ని 1861 దాకా మార్చకుండా వాడారు కాబట్టి ఆ గడిలో రకాలు ఎన్నో వస్తాయి. విడిగా దొరికే ఇంకో మామూలు 1840 రూపాయి కొని పెట్టుకున్నా తప్పులేదు.

నిజాంసిక్కా (17)

చార్మినార్ పని పూర్తయింది. వివరాలు ఇవీ: పచ్చదనం పుల్లకి సాగింది, మొదటి గిన్నెలో 40 నిమిషాలు పట్టింది, ఆరు దూదులు. బరువు 11.09. నీళ్ళలో 1.09 చూపింది. అంచు గాట్లు చుట్టూ ఒకే తీరు, టంకం లేదు. ఎడమ మినారు పక్కన పచ్చదనం ఉన్న చోట ఆవగింజంత మొద్దు మచ్చ మిగిలింది, ఎసిటోన్‌కి పోలేదు.

తలుపులో కొక్కెం మాత్రమే ఉంది. పక్క వెలుతురులో కింద మిట్ట ఏమీ కనిపించలేదు.

స్లాబ్ నంబరు, ఫోటో రెండూ కలిశాయి. దాన్ని ముట్టుకోను.

హాలీసిక్కా (18)

చుట్టుపక్కల అక్షరాలు పదునుగా ఉండి తలుపులో మిట్ట లేదంటే పొట్టి ఐనే. మొదటి ఏడాది నాణెం, చాలా మంచిది.

వెండిబిళ్ళ (19)

11.09ని 1.09తో భాగిస్తే 10.17. లెక్క సరిగ్గా కుదిరింది. ఆ మచ్చ ఆమ్లం తిన్న చోటు, అలాగే వదిలేయండి. ఇంకా పెరగదు.

ఇప్పుడు దాన్ని గట్టి క్యాప్సూల్‌లో (నాణెం పట్టే గుండ్రటి ప్లాస్టిక్ డబ్బీలో) పెట్టండి. చార్మినార్ 30 మిల్లీమీటర్లు, ఆ కొలతదే తీసుకోండి. ఒక్క మిల్లీమీటరు పెద్దదైనా నాణెం లోపల ఆడి అంచు రాసుకుంటుంది. నాణెం పూర్తిగా ఆరాక, ఒక రాత్రి గడిచాకే మూయండి. ఎసిటోన్ తడి మిగిలి ఉంటే పాలీస్టైరిన్ క్యాప్సూల్ కరిగి తెల్లబడుతుంది. బీరువాలో పెడితే ఆ అరలో కలరా ఉండలు లేకుండా చూడండి, వాటి ఆవిరి ఈ ప్లాస్టిక్‌ను మెత్తబరుస్తుంది. రబ్బరు బ్యాండు, ఉన్ని గుడ్డ, పాత న్యూస్‌పేపరు కూడా వద్దు. వాటిలోంచి వచ్చే గంధకమే వెండిని నల్లబరుస్తుంది. సిలికా జెల్ పొట్లం ఒకటి పెట్టి, రంగు మారినప్పుడల్లా మార్చండి.

నిజాంసిక్కా (20)

అదే రకం కవర్లు ఇంకా పదకొండు ఉన్నాయి, అన్నీ హిజ్రీ 1340ల నాణేలు. కొన్నిటికి జిగట ఇంకా మొదలు కాలేదు. అవి కూడా తీసేయాలా?

తూకంరాళ్ళు (21)

తీసేయండి. పచ్చదనం కంటికి కనపడే దాకా ఆగితే ఆ ఆవగింజ మచ్చ పదకొండింటికీ వస్తుంది. జిగట లేనివాటికి మొదటి గిన్నెలో 5 నిమిషాలు చాలు. నాలుగు నాణేలకోసారి మూడు గిన్నెల్లోనూ ఎసిటోన్ మార్చండి. ఒక గిన్నెలో ఒక్క నాణేన్నే వేయండి, రెండు వేస్తే ఒకదానికొకటి తగులుతాయి.